ముత్తన్న కలిపిన నూనె

ఆత్మారాం పటేల్ నోరు తెరిచిండంటె చెరుకు ఫ్యాక్టరీ సైరన్ గూడ చిన్నబోవాలె. ఆ రోజు తూకం కాంట కాడ తెరిచిన నోరు పొద్దెక్కినా మూస్తలేడు. చుట్టూ చెరుకు బండ్లు, ట్రాక్టర్లు. మోపుల మీద కూసోని జనం తమాషా చూస్తున్నరు. భీమవ్వ తమ్మునికి సద్ది పట్టుకొని అప్పుడే గేటు దాటింది. దాటేసరికి పటేల్ వేలు ఆమె తమ్ముడు ముత్తన్న ముక్కు మీదికి వచ్చి ఉన్నది.

"వీడు నాకు చిట్టీ ఇయ్యలే. వానకు భయపడి ఇంట్ల ముసుగుతన్ని పండుకున్నడు. తన చుట్టాలకు ముందుగాల పంచిండు. నా చెరుకు ఎండి కట్టెలైతున్నది, ఎవడు జవాబు చెప్తడు?"

ముత్తన్న ఫ్యాక్టరీల ఫీల్డ్‌మన్. ఏ రైతు ఏ రోజు చెరుకు కొట్టి తేవాలెనో ఆ చిట్టీ ఊరూరు తిరిగి చేతికిచ్చుడు ఆయన పని. చిట్టీ అందకపోతె చెరుకు చేన్లనే ఎండుతది, బరువు పోతది. ఇయ్యకుంటనే ఇచ్చిన అన్నడని తేలితె ఫీల్డ్‌మన్ నౌకరి ఊడుతది. అందుకె అది ఉత్త లొల్లి కాదు.

ముత్తన్న మోకాళ్ల దాక బురద. గొంతు మాత్రం లేపలే.

"పటేలా, బేస్తారం నాడు పొద్దుగాల మీ ఇంటికొచ్చిన. మీరు లేవలేదన్నరు. చిట్టీ మీ ఇంట్లామె చేతిల పెట్టిన. దూపయితున్నదంటె సల్ల ఇచ్చింది. సల్లల ఉప్పెయ్యలే."

"అబద్ధం! ఆ వానకు మా నల్లరేగడిల ఎద్దు కాలు పెట్టది. నీ డొక్కు బండి ఎట్లొస్తది?"

భీమవ్వ టిఫిన్ డబ్బ కింద పెట్టింది. కొంగు నడుముకు చెక్కింది. "ఓ పటేలా, నీ ఇంట్లామె ఆ ట్రాలీ మీదనే కూసున్నది గద. బజారుకని తెచ్చుకున్నవు. నోరెందుకు నొప్పిచ్చుకుంటవు, ఆమెను అడుగు. నీ తోని మాట్లాడనీకె భయమైతె నాకు చెప్తది."

జనం ఒర్రుడు ఆపి ట్రాలీ దిక్కు తిరిగిండ్రు. ఆమెది ఏరు అవతలి మరాఠీ ఊరు. కొంగు మొఖం మీదికి గుంజుకొని, నేల చూసుకుంట అన్నది: "ఖరం ఆహే. నిజమే చెప్తున్నడు. ఉప్పు అయిపోయి ఉండె ఆ రోజు. చిట్టీ ఉప్పు డబ్బ కిందనే పెట్టి మరిచిన."

ఇగ నవ్వు ఎట్ల లేచిందంటె కాంట మీది ఎడ్లు బెదిరినయి. ఆత్మారాం మళ్లా నోరు తెరవలే. ఆనాటి నుంచి ఆ యార్డుల ముత్తన్న ఒక మాట అన్నడంటె రాసి ముద్ర కొట్టినట్టె. ఎవని చెరుకు ఎప్పుడు నాటిండు, ఎవని బావి ఎండింది, ఎవని బిడ్డ పెండ్లికి ఎవడు అలిగి పోయిండు, అన్ని ఆయన యాదిల ఉండేటియి.

ఆ రోజు ఇంటికొచ్చినంక భీమవ్వ గూడ అడిగింది: "నిజంగనే పోయినవారా ఆ బురదల?"

"పోయిన అక్కా. మస్తుండె." ఆ 'మస్తు' అనేటప్పుడు తమ్ముని కండ్లు ఎట్ల మెరిసినయో ఆమె చూసింది. నౌకరి దక్కిందన్న మెరుపు గాదది.

తల్లి పోయినంక ముత్తన్నను సాదింది భీమవ్వనే. తను రెండో తరగతిల బడి విడిచి బీడీల చాట ముందేసుకున్నది. వాన్ని మెట్రిక్ దాక చదివిచ్చింది. అందుకె వాని నౌకరి తన నౌకరే అనుకునేది, వాని మొండితనం గూడ తన నుంచే వచ్చిందనుకునేది. మొగడు తొందరగ పోయిండు, పిల్లలు కాలే, తమ్ముని ఇంటి పక్క అర్రలనే ఉండిపోయింది. ఎవరన్న పాపమంటె, "పాపం నీ ఇంట్ల పెట్టుకో" అనేది.

ఆ బండి సంగతి చెప్పాలె. నిజామాబాద్‌ల ఒక ఓవర్సీర్ వాడి విడిచిన మోటరు సైకిల్, రాజ్‌దూత్. ముత్తన్న దాన్ని ఇంటికి తెచ్చి ముందుగాల మడ్‌గార్డులు ఊడబీకిండు. రేగడి మట్టి మడ్‌గార్డుకు చక్రానికి నడుమ ఇరుక్కొని బండి ఆగిపోతదట. సైలెన్సర్ పైకి లేపి సీటు పక్కకు కట్టిండు, వాగుల దిగితె నీళ్లు పోకుంట. చక్రాలకు బటన్ టైర్లు, గడ్డలు గడ్డలు ఉన్నయి, వేయించిండు.

"బండికి బట్టలిప్పి బజార్ల నిలబెట్టినవు గదరా," అన్నది భీమవ్వ. "ముసలోళ్లు చూస్తె కండ్లు మూసుకుంటరు."

"నౌకరి కోసమక్కా."

నౌకరి కోసమట! నౌకరి కోసమైతె పొద్దుగూకంగ తారు రోడ్డు విడిచి చెరుకు బండ్ల బాట పట్టి తిరిగి తిరిగి ఎందుకొస్తడు? రెండు దిక్కుల నిలువెత్తు చెరుకు, నడుమ ఎడ్ల బండి గాడి, మీద సన్నటి ఆకాశం. ఆకు మొఖానికి సర్రు సర్రు కోస్తుంటది. ఆయన నిలబడి తోలేటోడు, సీటు మీద కూసోకుంట, మోకాళ్లు వంచి. ఇంటికొచ్చి అద్దంల చెంపల మీది గీతలు చూసుకొని నవ్వుకునేటోడు. బువ్వకు ఆలస్యమైందని భార్య సాయవ్వ తిడితె ఆమె నోట్ల ఇంత చెరుకు ముక్క పెట్టేటోడు.

ఆ కాలం బండ్లకు ఒక లెక్క ఉన్నది. వాటి ఇంజన్లకు వేరే నూనె పొయ్యరు. పెట్రోల్లనే నూనె కలిపి పొయ్యాలె. కలపకుంట ఉత్త పెట్రోలు పోస్తె కొంత దూరం మంచిగనే ఉరుకుతది, ఆ తర్వాత లోపల ఇనుమూ ఇనుమూ రాసుకొని పట్టేస్తది, ఎనుక చక్రం ఉన్నదున్నట్టు బిగుసుకుంటది. అందుకె ఆ ఇంట్ల ఒక కట్టుబాటు పడ్డది. నూనె కలిపేది ముత్తన్న ఒక్కడే. డబ్బ మోకాళ్ల నడుమ పెట్టుకొని, సీస మూతతోని కొలిచి పోసి, డబ్బను పసిపిల్లను ఊపినట్టు ఊపి, "కలిపిన" అని గట్టిగ అనాలె. ఆ మాట చెవిన పడేదాక ఎవ్వరు కిక్కు కొట్టొద్దు. ఇంకొకరు కలిపితె ఒకరు కలిపిండనుకొని ఒకరు ఊరుకుంటరు, ఒకరు కలిపింది తెలువక ఇంకొకరు రెండుసార్లు కలుపుతరు. ఒక్క చెయ్యి, ఒక్క మాట.

కొడుకు శేఖర్‌కు ఆరో తరగతిల ఒక పిల్ల బండి తయారు చేసిచ్చిండు. పాడైన మోపెడ్ ఇంజన్, కోసి అతికిన పైపులు, ఎవలదో చిన్న చక్రాలు. దూరం నుంచి చూస్తె మిడత లెక్క ఉండె. ఆ మిడత మీద కొడుకు, రాజ్‌దూత్ మీద తండ్రి, ఆదివారమైతె చెరుకు కొట్టేసిన చేన్ల గట్ల మీద ఉరికేటోళ్లు. శేఖర్ పడేటోడు, లేచేటోడు. పడ్డప్పుడు ముత్తన్న బండి ఆపకుంట చుట్టూ తిరిగి, "లేచినవా? లే. కిక్కు కొట్టు," అనేటోడు. సాయవ్వ మొత్తుకునేది. భీమవ్వ మాత్రం, "పడనియ్యవే, మట్టే గద, మింగుతదా," అనేది. తర్వాత ఆ మాట ఆమెకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో!

ముత్తన్న రిటైర్ అయిండు. కొన్నేండ్లకు ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరుకు పెట్టేటోళ్లు వరికి మళ్లిండ్రు. వరంటె నీళ్లు. ఎడ్ల బండ్ల బాటలు దున్ని మళ్లల్ల కలుపుకున్నరు. ముత్తన్న ఒకనాడు బండి తీసుకొని పాత గాడి వెతుక్కుంట పోయి, నడుముల దాక బురదతోని నూకుకుంట ఇంటికొచ్చిండు. "బాట లేదక్కా," అన్నడు, ఎవలో సచ్చిపోయిండ్రన్నట్టు. సాయవ్వ సచ్చిపోయింది గూడ ఆ ఏడే.

ఇగ మిగిలింది ఏరు. కందకుర్తి దిక్కు మంజీర వచ్చి గోదావరిల కలిసే కాడ ఎండకాలం నీళ్లు తగ్గి ఇసుక తేలుతది. దూరం దూరం దాక తెల్లటి ఇసుక, నడుమ నడుమ గట్టి చౌడు నేల. శేఖర్ నిజామాబాద్‌ల బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నడు. పెండ్లయింది, భార్య వినీత, ఒక్కతె బిడ్డ సంజన. ఎండకాలం ఆదివారం అందరు బోధన్‌ల ముత్తన్న ఇంటికి వచ్చి, ఆటో ట్రాలీల బండ్లు ఎక్కిచ్చుకొని ఏటికి పోయేటోళ్లు.

వినీత మొదట్ల మొఖం ముడుచుకునేది. "ఆడపిల్లను బండి ఎక్కిచ్చుడేంది? రేపు ఎవలన్న ఏమన్న అంటె?"

"అన్నోళ్లను నా కాడికి తోలు," అన్నది భీమవ్వ. "నా చాట కాడ కూసోబెట్టి జవాబు చెప్త."

ఆ తర్వాత వినీతనే చింతపండు పులిహోర కట్టుకొని రావట్టింది. బిడ్డ తొట్టతొలిసారి ఇసుకల నిలబడి బండి తోలిన రోజు చెప్పులు విడిచి ఎంట ఉరికింది, నవ్వుకుంట, ఏడ్సుకుంట. ఇసుకల బండి తోలుడంటె నీళ్ల మీద నడిచినట్టట. మెల్లగ పోతె దిగబడుతది, భయపడి బ్రేకు పట్టితె పడగొడుతది. బరువు ఎనుకకు వేసి, హ్యాండిల్ గట్టిగ పట్టకుంట, దాని ఇష్టానికి దాన్ని కొంచెం ఊగనియ్యాలె. ముత్తన్న ఇసుక మీద కట్టెతోని గీత గీసి మనుమరాలికి చెప్పేటోడు. శేఖర్ వేరే రకం చెప్పేటోడు. ఇద్దరి నడుమ పంచాయితి అయితుంటె సంజన ఇద్దర్ని విడిచి తన తీరుగ తోలుకుంట పోయేది. ముగ్గురు మూడు బండ్ల మీద, ఒకరి ధూళిల ఒకరు, ఏటి మెలిక దాక పోయి తిరిగొచ్చేటోళ్లు. ముందు ఎవరు వస్తరా అని వినీత, భీమవ్వ పుచ్చకాయ ముక్కలు పందెం కట్టేటోళ్లు.

ఒకసారి తమ్ముడు బలిమిన భీమవ్వను గూడ ఎనుక ఎక్కిచ్చుకున్నడు. పొయ్యేంత దూరం పొయ్యి, వచ్చేంత దూరం వచ్చి, దిగేదాక ఆమె వాని ఏడు తరాలను తిట్టింది. ఆ ఏడు తరాలల్ల తను గూడ ఉన్నదన్న సోయి లేదు. దిగినంక వినీత, "భయమైందా అత్తా?" అంటె, "భయమెందుకు? గాలికి కండ్లల్ల నీళ్లొచ్చినయి," అన్నది. అది అబద్ధం కాదు. సగం గాలికే వచ్చినయి.

మరుపు ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పలేరు. ముత్తన్న చాయల రెండుసార్లు చక్కెర వేసుకునేటోడు, ముసలితనమనుకున్నరు. సంజనను 'సాయవ్వా' అని పిలిచిండు, మనుమరాలిది నానమ్మ పోలికనే అనుకున్నరు. ఒకనాడు పెన్షన్ ఆఫీసుకని పోయి, మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడి తాళం ఎందుకేసిండ్రని లొల్లి పెట్టిండు. అప్పుడు నిజామాబాద్ డాక్టర్‌కు చూపిస్తె, మెదడు మెల్లమెల్లగ ఎండుతున్నది, మందు ఆపది, ఆలస్యం చేస్తదంతే అన్నడు.

శేఖర్ తండ్రి చేతుల నుంచి బండి తాళంచెవి తీసుకున్నడు. గ్యాస్ పొయ్యి కాడికి పోనిస్తలేరు. నూనె కలిపే పని మాత్రం ఆయనకే విడిచిండ్రు. ఆ డబ్బ మోకాళ్ల నడుమ పెట్టుకొని కూసున్నప్పుడు ఆయన చెయ్యి వణకకపోయేది, మాట తొట్రుపడకపోయేది. పాత ముత్తన్న ఆ కొంచెం సేపు తిరిగొచ్చేటోడు. అదొక్కటి గూడ గుంజుకుంటె మనిషిల ఇంకేం మిగులుతది? శేఖర్ అట్లనే అనుకున్నడు, వినీత అట్లనే అనుకున్నది. నోరున్న భీమవ్వ గూడ అనుకున్నది. ప్రేమతోనే చేసిండ్రు. లోకంల చానా చెడ్డ పనులు గట్లనే అయితయి.

పోయిన ఎండకాలం. శేఖర్ బిడ్డ కోసమని ఒక సన్నటి బండి సొంతంగ కట్టిండు, పాత కాలం ఇంజన్ తోనే, ఎందుకంటె ఆ సప్పుడంటె సంజనకు ఇష్టం. ఏట్ల ట్రాలీ నుంచి దించిండ్రు. అక్కడ రెండు తెల్ల డబ్బాలు ఉండె. ఒకదాంట్ల తాత నూనె కలపాల్సిన పెట్రోలు. రెండోది శేఖర్ రోజూ తిరిగే బండికని తెచ్చిన ఉత్త పెట్రోలు. రెండు ఒక్క తీరు డబ్బాలే. భీమవ్వ, వినీత గొంగడి పరిచి కూసోని ఉల్లిగడ్డ కోస్తున్నరు. ముత్తన్న వాళ్ల ఎనుక, ట్రాలీ నీడకు, డబ్బ మోకాళ్ల నడుమ పెట్టుకొని కూసున్నడు. చానాసేపు కూసున్నడు.

"తాతా, అయిందా?"

"కలిపిన."

ఆ మాట అందరు విన్నరు. సంజన డబ్బ ఎత్తి ట్యాంకుల పోసింది. కొత్త బండి గద, ముందు నేను చూస్త అని శేఖర్ ఎక్కిండు. ఇసుక దాటి గట్టి నేల మీదికి పోయిండు. సంజన చేతులూపుతున్నది. బండి పోయే సప్పుడు సన్నగ, గట్టిగ, ఇంకా గట్టిగ లేచింది. లేచి, తెగిపోయింది. ఎనుక చక్రం బిగుసుకొని నేలను గీసిన సప్పుడు. ఆ తర్వాత సప్పుడు లేదు. శేఖర్ ఏటి ఒడ్డు రాళ్ల మీద పడ్డడు.

అదే ఆటో ట్రాలీల పండవెట్టి తీసుకపోయిండ్రు. దాంట్ల పెట్రోలు తక్కువున్నదని అఖిలేష్, ట్రాలీ తోలుకొచ్చిన శేఖర్ షెడ్డు పిల్లగాడు, రెండు డబ్బాలల్ల ఉన్నదంత దాంట్ల గుమ్మరిచ్చిండు. నిజామాబాద్, ఆడ నుంచి పట్నం. పట్నం డాక్టర్లు ప్రాణం నిలిపిండ్రు. నడుము కింద మనిషి మాత్రం శేఖర్‌కు మళ్లా రాలే.

కొన్నాళ్లకు అఖిలేష్ ఇంజన్ విప్పి చూపిచ్చిండు. పిస్టన్ గోడకు అతుక్కొని ఉన్నది. "నూనె సుక్క లేదు," అన్నడు. "ఉత్త పెట్రోలే."

ఇంతే చాలె. డబ్బాలు ఖాళీ అయినయి, చూసిన కన్ను లేదు. ఇగ రెండే దారులు. ముత్తన్న కలపకుంటనే కలిపిన అన్నడు. లేకుంటె సంజన ఒక డబ్బకు ఇంకొక డబ్బ ఎత్తింది.

వినీత బిడ్డను అడిగింది. ఆమె కోపం మీద అడగలే, అలిసి అడిగింది. "రెండు డబ్బాలల్ల ఏది ఎత్తినవే?"

"తాత పక్కన ఉన్నదే ఎత్తిన మమ్మీ."

"రెండు తాత పక్కనే ఉండె గద."

పిల్ల తన చేతుల దిక్కు చూసుకున్నది. వినీత భీమవ్వ దిక్కు తిరిగింది. "అత్తా, నువ్వు చూసినవా? మామ కలిపిండా?"

"నా వీపు ఆ దిక్కు ఉండె. నేను చూడలే. చూడనిది చెప్ప."

భీమవ్వ పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి చూడనిది చూసిన అనలే. ఆ గర్వం ఆమెకు ఉన్న ఒకే ఒక నగ. ఆనాడు గూడ దాన్ని మెడల వేసుకొనే కూసున్నది.

శేఖర్‌ను బోధన్ ఇంటికే తెచ్చిండ్రు, షెడ్డు మూసిండ్రు. సంజన పొద్దున లేచి తండ్రి దుప్పట్లు పిండుతది, మూత్రం సంచి మారుస్తది, ఒళ్లు తుడుస్తది. తల ఎత్తి తండ్రి మొఖం మాత్రం చూడదు. కాలేజీ బంద్ పెట్టింది. రోడ్డు మీద ఏదన్న పాత బండి పట్‌పట్‌మని పోతె లేచి లోపలి అర్రలకు పోతది. శేఖర్ ఎవర్నీ ఏమనడు. "ఎవరు చేస్తె ఏంది, నా కాళ్లొస్తయా? విడిచిపెట్టుండ్రి," అంటడు గోడ దిక్కు చూసుకుంట. తిట్టినా అయిపోవును. గా మాట రోజూ పొల్లను కోస్తది.

ఒకనాడు చాట కాడికొచ్చి కూసున్నది పిల్ల. తునికాకు కత్తిరిచ్చుకుంట మెల్లగ అన్నది: "అవ్వా, మొదట్ల తాత డబ్బనే ఎత్తిన అని నాకు గట్టిగ ఉండె. ఇప్పుడు కండ్లు మూస్తె రెండో డబ్బ కనిపిస్తున్నది. చేతికి దాని బరువు గూడ తెలుస్తున్నది. నేనే చేసిన్నేమో."

"నోరు ముయ్యి," అన్నది భీమవ్వ. మాటకు తడుముకున్నది ఆమె బతుకుల అదే మొదటిసారి కావచ్చు.

ముత్తన్నకు మంచి పొద్దులు, చెడ్డ పొద్దులు ఉంటయి. ఒక మంచి పొద్దున ఆయన నూనె సీస చేతిల పట్టుకొని కొడుకు మంచం కాడికొచ్చిండు. "శేఖర్, ఇగో చూడు. సీలు తియ్యలే. నేను కలపలే బిడ్డా. కలపకుంటనే కలిపిన అన్న. పోరిది తప్పు లేదు."

వినీత సీస చేతిలకు తీసుకొని చూసింది. మళ్లా అల్మారిల పెట్టింది. "మామా, ఆ రోజు రెండు సీసలు కొన్నరు. ఒకటి ఏట్లనే పోయింది, ఇది రెండోది కావచ్చు. నువ్వు మనుమరాలిని కాపాడనీకె చెప్తున్నవు, నాకు తెలుసు."

"లేదు బిడ్డా, నాకు యాది ఉన్నది."

"నీకేం యాది ఉన్నది బాపు?" శేఖర్ గోడ దిక్కు నుంచే అన్నడు. గొంతుల కోపం లేదు, అదే పాడు సంగతి. "నిన్న అన్నం తిన్నది యాది లేదు నీకు. విడిచిపెట్టు."

తలుపు కాడ నిలబడ్డ సంజన అంత విన్నది. తెల్లారి ముత్తన్న కొత్త అంగి వేసుకొని, తలకు తువ్వాల చుట్టుకొని అరుగు మీదికొచ్చిండు. "శేఖర్ ఇంకా లేవలేదా? ఎండ ముదురుతది. పోరిని లేపు, ఏటికి పోదాం," అన్నడు. పిల్ల మెట్ల మీద కూసోని తండ్రి గిన్నెలు తోముతున్నది. తోముకుంటనే ఉన్నది. ఇగ తాత చెప్పిన మాట ఎవరు నమ్ముతరు? పిల్ల గూడ నమ్మలే.

భీమవ్వ దినాం చూస్తున్నది. శేఖర్ బక్కపడుతున్నడు, వినీత మాటలు తగ్గినయి, పిల్ల తన మీద తనే గోరీ కట్టుకుంటున్నది. ఇంట్ల మూడు బండ్లు రేకుల కింద తాటిపత్రి గుడ్డ కప్పుకొని ఉన్నయి. అమ్ముదామంటె కొనేటోళ్లు దొరకలే, ఉంచుదామంటె చూసేటోళ్లు లేరు.

మొన్న మొదటి వాన పడ్డ పొద్దుగాల ముత్తన్న అక్క అర్రకొచ్చిండు. గడప కాడ చెప్పులు సక్కగ జోడు పెట్టిండు. దాన్ని చూసి భీమవ్వకు తెలిసింది, ఇది మంచి పొద్దు అని. చాటకు ఇటు దిక్కు ఆమె, అటు దిక్కు ఆయన.

"చాయ్ తాగినవా?"

"తాగిన. చక్కెర ఒక్కసారే ఏసుకున్న." నవ్వబోయిండు, నవ్వు రాలే. "అక్కా, ఒక మాట అడుగుత. నాకు జ్వరమొచ్చినోన్ని చూసినట్టు చూడకు."

"నిన్ను ఎట్ల చూడాలెనో నాకు నేర్పకు. అడుగు."

"ఆ రోజు నేను కలిపిన్నో కలపలేదో నాకు యాది లేదక్కా. సీస సంగతి గూడ ఉత్తదే. కలిపినట్టె అనిపిస్తది, కలపనట్టె అనిపిస్తది. రాత్రి పగలు తవ్వుకుంటున్న, ఆడ ఏం లేదు. గని పొల్ల ఆ బరువు మొయ్యొద్దు. దానికి ఇంకా అరవై ఏండ్లుంటది బతుకు. నాకేమున్నది? నాలుగు నెలలయితె నేనెవలో నాకే తెలువది. ఏసేదేదో నా మీద ఎయ్యుండ్రి. నా మీద ఏస్తె ఎవరికీ బరువు గాదు."

"నువ్వు చెప్పినవు గద. నమ్మలే."

"నా మాట నమ్మరు. నీ మాట నమ్ముతరు."

భీమవ్వ చేతిల బీడీ అట్లనే ఆగింది. తమ్ముడు ఎటు పోతున్నడో ఆమెకు అర్థమయింది.

"నేను చూడలేరా. వినీత ముందట చెప్పిన గూడ. ఇప్పుడు చూసిన అంటె మరి అప్పుడెందుకు చెప్పలేదంటరు."

"తమ్ముని మీద ప్రేమతోని దాచిన అను. పొల్ల గోస చూడలేక ఇప్పుడు చెప్తున్న అను. నమ్ముతరు. నీకు అబద్ధం రాదని ఊరంత తెలుసు."

"రాదు గనుకనే..." అని ఆమె ఆగిపోయింది. బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నయి. పక్క ఇంట్ల సంజన బకెట్ల దుప్పటి పిండుతున్న సప్పుడు ఇనవడుతున్నది.

"నా పేరు ఏం గావాలెరా ముత్తిగా?" అన్నది. "తమ్ముని పాపం దాచి పిల్లను కాల్చింది ముసల్ది అంటరు. సచ్చేదాక అంటరు."

"అంటరు," అన్నడు ముత్తన్న. అట్లాంటిదేం కాదని అనలే. ఊరడిచ్చే మాట ఒక్కటి గూడ చెప్పలే. కొంచెం ముందుకు జరిగి, చాట మీది తునికాకు పక్కకు తోసి, అక్క రెండు చేతులు పట్టుకున్నడు. ఆమె వేళ్లకు జర్దా అంటి ఉన్నది.

"ఇంకొకటున్నది. ఇయ్యాలనే చెప్పు, నాకు ఈ సోయి ఉండంగనే. రేపటికి నేను ఇదంత మరిచిపోత. మరిచిపోయి నీ మీదికొస్త. 'అక్కా, అబద్ధమాడుతున్నవు, నేను కలిపిన, ఎన్నడన్న కలపకుంట అన్ననా' అని ఒర్రుత, నిన్ను తిడుత, నీ అర్ర మొఖం చూడ. అప్పుడు గూడ నువ్వు మాట తిప్పకక్కా. నేను ఏడ్చినా సరే, ఒట్టు పెట్టినా సరే. పొల్ల ముందట నా మొఖం మీద అను: 'నువ్వు కలపలే ముత్తిగా, నేను కండ్లార చూసిన' అని. నేను ఎన్నిసార్లు కాదంటె అన్నిసార్లు అను."